సంఘపు సరకునకు మార్కా: చిత్రకారునితో కూడి చిహ్నమును దిద్దుకొను విధము



మన వీపనగండ్ల ప్రాంతపు చెలకలలో పండు పల్లి, వేలము ముగిసి వర్తకుని గోదామునకు చేరినతోడనే తన యూరి పేరును పోగొట్టుకొనుచున్నది. నాలుగు దినములు ఎండబెట్టి, మట్టిబెడ్డలు ఏరి తెచ్చినవాని కాయయు, తడి యారకుండ బస్తాకెత్తినవాని కాయయు ఒక్క కుప్పలో కలిసిపోవును. తినువానికి పండించినవాడెవడో తెలియదు. తెలియనప్పుడు మంచి సరకునకై నాలుగు రూకలు ఎక్కువ యిచ్చువాడును ఉండడు. ఈ దుస్థితి తప్పించుకొనుటకే కొన్ని సంఘములు తామే నూనె ఆడించి, డబ్బాలలో నింపి, తమ పేరున అమ్మ నెంచుచున్నవి. అట్లు పూనుకొన్న సంఘమునకు యంత్రముకన్నను, డబ్బాలకన్నను ముందుగా ఎదురగు ప్రశ్న యొకటి కలదు. డబ్బాపై ఏ గుర్తు వేయవలెను?

ఈ ప్రశ్న చిన్నదని తలచి, అచ్చుకొట్టువారికి పేరు చెప్పి, వారు అరగంటలో కూర్చి యిచ్చిన బొమ్మను వేయించుకొని వచ్చుట పలుచోట్ల వాడుక. పదేండ్లు సంఘము కష్టపడి సంపాదించిన మంచిపేరు ఆ బొమ్మ మీదనే నిలువవలసి యుండగా, దానికై పది దినములైనను వెచ్చింపకుండుట తగునా? కావున ఈ నెల పాఠమున, చిహ్నమును గీయు చిత్రకారునితో, అనగా నేడు డిజైనరని పిలువబడువానితో, సంఘమువారు ఎట్లు పనిచేయవలెనో వివరింతుము.

1. మార్కా యనగా నేమి

పట్టణమువారు లోగో యనుదానినే మన పల్లెలలో మార్కా యందురు. అది అలంకారము కాదు, గుర్తు. చదువురాని ముసలవ్వ అంగడిలో నిలిచి, "మొన్న తీసుకపోయిన ఆ డబ్బానే యియ్యి నాయనా" అని వ్రేలు చూపగలిగినచో అది మార్కా. చూపలేనిచో ఎన్ని రంగులు పూసినను అది వట్టి బొమ్మయే.

గద్వాల చీరను చూడుడు. నూలు వస్త్రమునకు పట్టు అంచు, పట్టు కొంగు చేర్చి నేయు ఆ చీరపై కోటకొమ్మ అంచు కనబడినతోడనే, చీటి చదువకయే, ఇది గద్వాలదని స్త్రీలు చెప్పుదురు. ఒకటే ఆకృతి, తేటగా, మరల మరల కనబడుటయే అందలి బలము. గద్వాల చీరకు భౌగోళిక సూచిక చట్టము క్రింద నమోదు కూడ కలదు. అయితే ఆ నమోదు ఆ ప్రాంతమున ఆ పద్ధతిని నేయువారందరిదియు. మనము చెప్పుకొను మార్కా ఒక్క సంఘమునకే చెందునది. ఈ భేదమును మరువరాదు.

2. ఇతరులు చేసినది

మన యందరి చేతను పాసుబుక్కులు పట్టించిన స్టేటు బ్యాంకునకు మొదట మఱ్ఱిచెట్టు చిహ్నముగా నుండెను. కొమ్మలు, ఊడలు, ఆకులు గల ఆ బొమ్మను విడిచి, 1971వ సంవత్సరమున, అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థకు చెందిన శేఖర్ కామత్ గీసిన నీలి వలయమును ఆ బ్యాంకు స్వీకరించెను. ఒక గుండ్రము, అందులో తాళపు రంధ్రమువలె చిన్న తెఱపి, అంతమాత్రమే. మూరెడు బోర్డుపైనను, గోరంత ముద్రపైనను అది ఒక్కతీరున తెలియును.

గుజరాతులో 1946వ సంవత్సరమున స్థాపింపబడిన కైరా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సమాఖ్య తన సరకునకు అమూల్ అను చిన్న పేరు పెట్టుకొనెను. పొడుగైన సంఘము పేరు కాగితములలో నిలిచెను, చిన్న పేరు జనుల నోట నిలిచెను. 1966లో సిల్వెస్టర్ డకున్హా, చిత్రకారుడు యూస్టేస్ ఫెర్నాండెస్ కలిసి కల్పించిన చుక్కలగౌను బాలిక బొమ్మ నేటికిని మారలేదు. మన తెలుగువారిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో నెలకొల్పిన అమృతాంజనమును కూడ పేరు చదువకయే పసుపురంగును బట్టి గుర్తుపట్టుదుము.

ఇంగ్లాండులోని సహకార సంఘమువారి అనుభవము మరియు బోధకమైనది. వారు 1968లో నాలుగు ఆకుల పువ్వువంటి చిహ్నమును స్వీకరించిరి. తరువాత దానిని విడిచి క్రొత్తదాని నెత్తుకొనిరి. తుదకు 2016లో మరల 1968 నాటి చిహ్నమునే తెచ్చుకొని, రేఖలను మాత్రము సవరించుకొనిరి. జనులు గుర్తెరిగిన దానిని పారవేయుట సులభము, మరల సంపాదించుట కష్టము. కావున ఇదివరకే సంఘమునకొక గుర్తు ఉండి, కొనువారు దానిని ఎరిగియున్నచో, దానిని తీసివేయక దిద్దుకొనుటయే మేలు.

3. చిత్రకారునికి ముందుగా చెప్పవలసినది

"మంచి బొమ్మ గీయుము" అని చెప్పుట "మంచి విత్తనమిమ్ము" అని అడుగుటవంటిది. ఏ నేలకు, ఏ కారుకు, నీరెంత అని చెప్పకున్న విత్తనమువాడేమి చేయును? అట్లే చిత్రకారునికి ఒక కాగితముపై ఈ క్రింది సంగతులు వ్రాసి యియ్యవలెను.

మొదటిది, ఏమి అమ్ముచున్నాము: నూనెయా, పల్లీలా, ముందు ముందు బియ్యము, మామిడిపండ్లు కూడనా? నేడు నూనె యొక్కటే యని గానుగబొమ్మ వేసినచో, రేపు బియ్యపు సంచిపై ఆ బొమ్మ అమరదు.

రెండవది, ఎవరు కొందురు: ఊరివారా, వనపర్తి, కొల్లాపురము అంగళ్లవారా, హైదరాబాదు పట్టణమువారా?

మూడవది, ఎక్కడెక్కడ వేయుదుము: డబ్బారేకు, సీసా చీటి, గోనెసంచి, రసీదు పుస్తకము, బండి తలుపు, సెల్‌ఫోను తెర.

నాల్గవది, పోటీవారి డబ్బాలు ఎట్లున్నవి: అంగడికి పోయి నాలుగు డబ్బాల ఫోటోలు తీసి యియ్యవలెను. మనది వానిలో కలిసిపోరాదుగదా.

ఐదవది, ఎంత సొమ్ము, ఎన్నాళ్లు గడువు.

మరియు నిర్ణయించువారెవరో ముందే తేల్చుకొనవలెను. సర్వసభ్యసభలో నూరుమంది నూరు మాటలు చెప్పినచో ఏ చిత్రకారుడును తీర్పరాడు. ముగ్గురు సభ్యుల ఉపసంఘమును ఏర్పరచి, అందొకరు స్త్రీ అగునట్లు చూచుకొనవలెను. ఏలననగా వంటింటి సరకును ఎంచి కొనునది హెచ్చుగా ఆమెయే.

4. చిత్తుప్రతిని దిద్దుట: ఒక ఉదాహరణము

ఒక సంఘము పల్లినూనెకు మార్కా కోరినదనుకొందము. సభ్యులు తలకొకటి చెప్పగా మొదటి చిత్తులో జోడెడ్లు, నాగలి, కాయలతో కూడిన పల్లిచెట్టు, వెనుక కృష్ణానది, పైన ఉదయించు సూర్యుడు, చుట్టును సంఘము పూర్తిపేరు, నమోదు సంఖ్య, ఆరు రంగులు చేరినవి. ఉన్నవన్నియు మనవే, అన్నియు మంచివే. అయినను గోడమీద ముచ్చటగా నున్న ఆ బొమ్మను సీసామూతపై అంగుళము వెడల్పున వేసినచో నల్లని మరకగా మారును.

అప్పుడు ఉపసంఘమువారు చేయవలసినది కలుపు తీయుటయే. ఒక్కొకదాని నెంచి, "ఇది తీసివేసినచో మన సరకని తెలియకుండునా?" అని ప్రశ్నింపవలెను. సూర్యుడు ఎందరి డబ్బాలపైననో ఉన్నాడు, తీయవచ్చును. నది చిన్నరూపమున వట్టి గీతలగును, తీయవచ్చును. జోడెడ్ల సంగతి వేరు. 1969 వరకు అవి కాంగ్రెసు పార్టీ ఎన్నికల గుర్తు. నేటి పార్టీల గుర్తులుగాని, వాని రంగుల కూర్పుగాని సంఘపు మార్కాలో చేరరాదు. సంఘము అన్ని పక్షముల రైతులదియు. నమోదు సంఖ్య చీటిపై ఉండదగినది, చిహ్నములో కాదు. తుదకు రెండు గింజలు కనబడునట్లు విచ్చిన పల్లికాయ యొక్కటి, దానిక్రింద చిన్న పేరు మిగిలినవనుకొందము. కాయ నడుమనున్న నొక్కును రెండు అరచేతులు కలిసినట్లు తీర్చినచో సహకారమను భావము కూడ అందే చేరును. తీసివేయుటవలన పోయినదేమియు లేదు, తేటదనము వచ్చినది.

ఇక చిత్రకారునితో మాటలాడు తీరు. మనము దోషమును చెప్పవలెను, చికిత్సను అతనికి విడువవలెను. "కాయను రెండింతలు పెద్దది చేయుము, ఎరుపు పూయుము" అనుటకంటె "పది అడుగుల దూరమునుండి చూచిన పల్లికాయయో, చింతకాయయో తెలియుటలేదు" అనుట మేలు. వైద్యునికి నొప్పి ఎచ్చటనో చెప్పుదుము గాని మందు పేరు చెప్పము గదా. "నాకు నచ్చలేదు" అను మాట వలన అతనికేమియు తెలియదు. ఎందుకు నచ్చలేదో, ఎవరికి అడ్డమగునో చెప్పవలెను. ఆక్షేపణలన్నియు ఒకేసారి, వ్రాతమూలముగా, ఒకరి చేతనే పంపవలెను. ముగ్గురు మూడు వేళల ఫోను చేసి మూడు విధముల చెప్పినచో పని వెనుకబడును, సొమ్ము పెరుగును.

మొదటి రెండు చిత్తులను నలుపు తెలుపులలోనే చూపుమని కోరవలెను. నలుపులో నిలువని ఆకృతి రంగులలోను నిలువదు. రంగు కన్నును మరిపించి దోషమును కప్పును. ఆకృతి కుదిరిన పిమ్మట ఒకటి రెండు రంగులు చాలును. రంగు తగ్గినకొలది అచ్చు ఖర్చును తగ్గును.

5. తెలుగు అక్షరముల విషయము

ఇచ్చట పట్టణపు చిత్రకారులు కొందరు తప్పటడుగు వేయుదురు. ఇంగ్లీషు అక్షరములకు సరిపోవు ఎత్తునే తెలుగునకు ఇచ్చి, వత్తులు క్రింది గీతకు తగులునట్లు ఇరికించుదురు. వీపనగండ్ల అను మన యూరి పేరే చూడుడు. మొదట "వీ" పై గుడిదీర్ఘము పైకి లేచును, తుద "డ్ల" యందలి లవత్తు క్రిందికి దిగును. ప, వ లు చిన్న పరిమాణమున ఒకదానినొకటి పోలి కనబడును. సిరా కొంచెము ప్రాకినచో అక్షరముల కడుపులు నిండిపోవును. కావున పైనను క్రిందను చోటు విడువవలెను. అక్షరముల మధ్య తెలుపు చాలినంత యుండవలెను.

గోనెసంచిపై రేకు అచ్చుతో రంగు పూయుటయున్నచో మరియొక సంగతి. రేకులో కత్తిరించినప్పుడు సున్న నడిమి భాగము నిలువక ఊడిపడును. దానిని పట్టియుంచు సన్నని కట్టు విడిచి గీయవలెనని చిత్రకారునికి ముందే చెప్పవలెను.

6. అచ్చుకు ముందు చేయవలసిన పరీక్షలు

అంగుళము వెడల్పున అచ్చువేసి, కన్నద్దములు వాడు పెద్దవారికి చూపుడు. ఫోటో ప్రతి మీద ఫోటో ప్రతి మూడుసార్లు తీసి చూడుడు. నూనె చేతితో చీటిని రుద్ది చూడుడు. అంగడి అరలో నాలుగు డబ్బాల నడుమ పెట్టి, వీధి అవతలినుండి చూడుడు. పెబ్బేరు సంతలో సంఘమునకు సంబంధములేని పదిమందికి క్షణకాలము చూపి, దాచి, "ఏమి చూచితిరి?" అని యడుగుడు. ఏడెనిమిదిమంది పల్లికాయ యన్నచో ఆకృతి కుదిరినది. తలకొకటి చెప్పినచో మరల దిద్దవలెను. వారు బాగున్నదనినారా లేదా యనునది ఈ పరీక్షలో ముఖ్యము కాదు, ఏమి జ్ఞాపకమున్నదనునదియే ముఖ్యము.

డబ్బా చీటిపై చట్టము కోరు సంగతులకు కూడ చోటు మిగుల్చవలెను. ఆహార భద్రతా సంస్థవారి 14 అంకెల లైసెన్సు సంఖ్య, శాకాహారమును తెలుపు ఆకుపచ్చ గుర్తు, నికర తూకము, గరిష్ఠ ధర, తయారీ నెల, సంఘము చిరునామా ఉండవలెను. 1937 నాటి చట్టము ననుసరించి అగ్‌మార్కు పొందినచో ఆ గుర్తునకును చోటు కావలెను. ఇవి తుదకు జ్ఞాపకము వచ్చి మార్కాను మూలకు నెట్టుట కలదు.

7. హక్కు ఎవరిది?

ఇది ఈ పాఠమున మిక్కిలి ముఖ్యమైన భాగము. సొమ్ము చెల్లించితిమి గనుక బొమ్మ మనదేయని పలువురు తలతురు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము చిత్రమునకు మొదటి హక్కుదారు సాధారణముగా గీసినవాడే. అతడు సంఘమున జీతగాడైనచో వేరు సంగతి. బయటి చిత్రకారుడైనచో హక్కును సంఘమునకు బదిలీ చేయుచున్నానని వ్రాసి సంతకము చేయవలెను. ఆ పత్రమున కాలము పేర్కొననిచో బదిలీ ఐదేండ్లకేయని, దేశము పేర్కొననిచో భారతదేశమునకేయని చట్టము భావించును. కావున శాశ్వతముగా, సర్వత్ర అని స్పష్టముగా వ్రాయించుకొనవలెను.

ఒడంబడికలో ఎన్ని చిత్తులు చూపునో, ఎన్ని సవరణలు ఉచితమో, సొమ్ము ఎన్ని వాయిదాలలో ఇచ్చుటయో ఉండవలెను. పని ముగిసిన పిమ్మట ఎంత పెంచినను చెదరని వెక్టరు ఫైలును, నలుపు ప్రతిని, రంగుల సంఖ్యలను సంఘము పుచ్చుకొని, కార్యదర్శి యొద్ద ఒకటి, అధ్యక్షుని యొద్ద ఒకటి భద్రపరుపవలెను. అచ్చుకొట్టులోని కంప్యూటరులో మాత్రమే మార్కా ఉండుట, విత్తనమును పరుల గాదెలో దాచుటవంటిది.

ఇంటర్నెట్టునుండి దించిన బొమ్మను, యంత్రము చేత పుట్టించిన బొమ్మను మార్చి యిచ్చువారు నేడు కలరు. అది ఇతరుల సొత్తైనచో చిక్కు సంఘమునకే వచ్చును. బొమ్మ స్వయముగా గీసినదేయని చిత్రకారునిచేత వ్రాయించుకొనుట మంచిది.

8. నమోదు

మార్కాల నమోదునకు 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము ఆధారము. తెలంగాణమువారి దరఖాస్తులు చూచు కార్యాలయము చెన్నైలో కలదు. ఇంటర్నెట్టు ద్వారా ఇంటనుండియే పంపవచ్చును. దరఖాస్తు చేయుటకు ముందు, అట్టి మార్కా ఇదివరకే ఉన్నదేమో ఆ శాఖవారి వెబ్‌సైటులో ఉచితముగా వెదకవచ్చును. సరకులు తరగతులుగా విభజింపబడినవి. వంటనూనె 29వ తరగతి, బియ్యము 30వది, పచ్చి పల్లికాయలు, మామిడిపండ్లు 31వది. 2017 నాటి నియమముల ప్రకారము ఇంటర్నెట్టు దరఖాస్తునకు ఒక్కొక తరగతికి చిన్న పరిశ్రమగా నమోదైనవారికి 4,500 రూపాయలు, ఇతర సంస్థలకు 9,000 రూపాయలు రుసుము. పరిశీలన ముగిసి పత్రికలో ప్రకటించిన పిమ్మట నాలుగు నెలలు ఆక్షేపణలకు గడువు. నమోదు పదేండ్లు చెల్లును, మరల మరల పొడిగించుకొనవచ్చును. ఐదేండ్లకు పైబడి వాడక విడిచినచో ఇతరులు తొలగింప కోరవచ్చును.

పేరు విషయమున జాగ్రత్త. "పల్లినూనె" యను మాటగాని, ఊరి పేరు మాత్రమేగాని ఒకరి సొత్తు కానేరవు. సరకును, పుట్టిన చోటును తెలుపు మాటలను చట్టము అందరికిని విడిచినది. ప్రత్యేకమైన చిన్న పేరు, దానితో ఆకృతి ఉండవలెను. జాతీయ పతాకము, అశోకచక్రము, మహాత్మాగాంధి బొమ్మ వ్యాపారమునకు వాడరాదని 1950 నాటి చట్టము. దేవతల బొమ్మలు వేయుట వలదని మా సలహా. ఖాళీ సీసా చెత్తకుప్పలో పడునప్పుడు చూచువాని మనసు నొచ్చును. నమోదు కాకముందే నమోదైనదని చెప్పుకొనుట, వలయములోని ఆర్ అక్షరము వేయుట చట్టవిరుద్ధము.

9. మార్కా వెనుక సరకు

ఇంత చేసినను మార్కా తనంతట నూనెను మంచిది చేయదు. ఒక సభ్యుడు తడికాయ తెచ్చెను, బూజు పట్టిన గింజ గానుగలో పడెను, నూనె చేదెక్కెను. ఆ డబ్బా కొన్నవాడు ఆ సభ్యుని పేరు ఎరుగడు, పల్లికాయ మార్కాను ఎరుగును. శాపము మిగిలిన సభ్యులందరికిని తగులును. విడిగా అమ్ముకొన్ననాడు ఒకని తప్పు ఒకనిదే, మార్కా పెట్టిననాడు అది ఊరిది. తేమ నూటికి 8 పాళ్లకు దిగువ ఆరిన కాయనే పుచ్చుకొందుమని, బూజుకాయను ఎవరిదైనను త్రిప్పి పంపుదుమని, ప్రతి డబ్బాపై ఏ దినపు ఆటయో తెలుపు సంఖ్య వేయుదుమని సంఘము తీర్మానించిన పిమ్మటనే మార్కాను వాడుకలోనికి తేవలెను. అధ్యక్షుని కాయనైనను త్రిప్పి పంపగల ధైర్యము సంఘమునకున్నచో, రెండు గీతల పల్లికాయ బొమ్మయైనను ధర తెచ్చును. ఆ ధైర్యము లేనిచో ఎంత గొప్ప చిత్రకారుడును సహాయపడజాలడు.

సంఘసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన సరకును కొనువారు నేడు దేనిని బట్టి గుర్తుపట్టుచున్నారు?
2. ఇప్పుడున్న మన గుర్తులో తీసివేయదగినవి ఏవి, నిలుపదగినది ఏది?
3. ఉపసంఘమున ఎవరు ముగ్గురుండవలెను?
4. మన గుర్తు గీసినవానియొద్దనుండి హక్కు బదిలీ పత్రము ఉన్నదా? ఫైలు ఎవరియొద్ద నున్నది?
5. తేమగల కాయను త్రిప్పి పంపు అధికారము ఎవరికిత్తుము?